ఏడ్చుకుంటా రావద్దని చెప్పింది నేనే

నా బిడ్డ హిందూపురంలో గార్మెంట్సులో పని చేస్తాది. మొగుడు తాగొచ్చి కొడతాడు. అది చూసి చూసి నా మనవనికి మాట తగ్గి కోపం ఎక్కువైంది. తొమ్మిదో తరగతికి వాన్ని ధర్మవరం తెచ్చుకొని నా కాడ పెట్టుకొంటి. ఇంట్లో ఉండేది నేను, నా మగ్గం, అంతే.

మొదటి వారమే ఎవడో కొట్టినాడని ఏడ్చుకుంటా వచ్చినాడు. "ఇంగ ఏడ్చుకుంటా ఇంటికి రావద్దు. ఒకటి కొడితే రెండు కొట్టు" అంటి. మా ఆయన పోయినంక దబాయించే కదా నేను బతికింది.

వాడు నా మాట బాగా విన్నాడు. క్లాసులో ఒకడు "తాగుబోతు కొడకా" అంటే, కంపాస్ బాక్సు తీసుకొని వాని పెదివి పగలగొట్టినాడు.

హెడ్మాస్టరు నన్ను పిలిపించినాడు. "ఇంకోసారి జరిగితే టీసీ ఇచ్చేస్తామమ్మా."

ఈ బడి పోతే పిల్లోడు మళ్ళ ఆ తాగుబోతు ఇంటికే పోవల్ల.

"టీసీ నాకియ్యి సారూ. కొట్టమని నేర్పింది నేను."

ఆయన నవ్వు ఆపుకోలేక రిజిస్టరు అడ్డం పెట్టుకున్నాడు. "నేర్పిందానివి నువ్వే మాన్పించు పో."

ఎట్ల మాన్పించేది? కొట్టొద్దంటే లోపలి మంట యాడికి పోతాది? మా అమ్మ గుర్తొచ్చింది. పెనుకొండలో కొళాయి కాడ చెయ్యెత్తకుండా గంటసేపు తిట్టి, ఇంటికొచ్చి నెమ్మదిగా సంగటి తినేది.

"రేయ్, ఎవడేమన్నా ఆడ చెయ్యెత్తొద్దు. ఏడ్చుకుంటానే రా. నీ తరఫున నేను తిడతా" అంటి.

మర్సటి రోజే వచ్చినాడు, మొకం ఎర్రగా చేసుకొని. "మళ్ళ అదే అన్నాడవ్వా."

మగ్గం మీద కూచోనే అందుకొంటి. "వాని సైకిలు చైను ఊడిపోనూ! వాని పప్పులో ఉప్పు లేకపోనూ! వాని చెడ్డీ కోతి ఎత్తుకపోనూ!"

కోతి కాడికొచ్చేసరికి పిల్లోనికి నవ్వాగలేదు. నవ్వి నవ్వి ఏడ్చినాడు. వాళ్ళ నాయన కొట్టేదంతా అప్పుడు చెప్పినాడు, మొదటిసారి.

దినామూ ఇదే పని. నెల దాటింది, వాడు ఎవరినీ కొట్టలేదు. ఒక సాయంత్రం ఆ పెదివి పగిలిన పిల్లోడు వచ్చి వాకిట్లో నిలబడినాడు.

"ఏమప్పా, ఎందుకొచ్చినావు?"

"నన్ను తిడతాండావంట కదవ్వా?"

"తిడతా. ఏం, ఇంగా కావల్నా?"

"నన్ను తిట్టింది చాలు. మా అన్న నన్ను బెల్టుతో కొడతాడు. వాన్ని తిట్టవ్వా."

మనవడే జరిగి వానికి చోటిచ్చినాడు. "వాళ్ళన్న ఇంటరవ్వా. కొంచెం పెద్ద తిట్టు తీయి."

ఆ పొద్దు తిట్టి ఊరుకోలేదు. మగ్గం దిగి, ఇద్దర్నీ ఎంటబెట్టుకొని, ఆ బెల్టు సంగతి అడిగేదానికి ఆ పిల్లోని అమ్మ కాడికి పోతి.