చక్రం తిరగేసి చూడు

ఎనిమిదో తరగతి లెక్కల్లో నాకొచ్చిన మార్కులు చెబితే మీరు చదవడం ఆపేస్తారు. ఆ తరవాత బడి వైపు వెళ్లలేదు. ఇప్పుడు ఇంజినీరింగ్ కాలేజీ పక్కన ప్రేమ్ బజార్‌లో నా సైకిల్ షాపు ముందు రేపటి ఇంజినీర్లు వరసగా నిలబడి, "అన్నా, నాది కొంచెం ముందు చూడవా" అని బతిమాలుతుంటారు. మా లెక్కల మాస్టారు చూడాలి ఈ ముచ్చట.

పని నేర్పింది మావయ్య. సొంత మావయ్య కాదు, నాన్నతోపాటు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైరయ్యాక రోజూ రైల్వేవాళ్ల పేట ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, నా బెంచీ మీద కూర్చుని, నా పనిలో తప్పులు వెతుకుతాడు. చక్రం వంకర పోతే ఆయన పద్ధతి ఒకటే. చక్రాన్ని సైకిలుకే ఉంచి తిప్పాలి, పక్కన సుద్దముక్క పట్టుకోవాలి. సుద్ద అంటిన చోట వంకర. ఏళ్ల తరబడి అలాగే చేశాను.

పోయినేడాది నాకు సోకు పుట్టింది. చక్రం బిగించే స్టాండు కొన్నాను. దానికి గడియారంలాంటి మీటరు, అందులో ఒక ముల్లు. నల్లటి ఏప్రన్ కూడా కుట్టించాను. మావయ్య నన్ను కిందికీ పైకీ చూశాడు.

"ఏట్రా అల్లుడా, సైకిల్ బాగు సేత్తావా, ఆపరేషన్ సేత్తావా?"

పట్టించుకోలేదు. స్టూడెంట్లు నా స్టాండుకి ఫోటోలు తీస్తున్నారు, ఇంకేం కావాలి?

ఒక శుక్రవారం కరీంనగర్ కుర్రాడొకడు సైకిల్ తెచ్చాడు. ముందు చక్రం ఎడమ బ్రేకు రబ్బరుకి రాసుకుంటోంది. ఆదివారం క్యాంపస్‌లో సైకిల్ పందెం. ఎన్నడూ ఏ ఆటకీ పేరివ్వనివాడు మొదటిసారి ఇచ్చాడట, ఇంటికి ఫోన్ చేసి కూడా చెప్పేశాడట. చక్రం విప్పి స్టాండెక్కించాను. ముల్లు కాస్త ఊగింది. రెండు స్పోకు పుల్లలు బిగించాను. ముల్లు సున్నా మీద కదలకుండా నిలబడింది. దాన్ని దర్జాగా చూపించి పంపించాను.

శనివారం సాయంత్రం మళ్లీ వచ్చాడు.

"అన్నా, మళ్ల గట్లనే రాసుకుంటుంది. రేపే గదా!"

"ఎక్కడో గుద్దేసుంటావు తమ్ముడూ. మీటరు అబద్ధం చెప్పదు."

"గుద్దలేదన్నా, ఒట్టు."

విప్పాను, స్టాండెక్కించాను. సున్నా. సైకిలుకి బిగించాను. అదే రాపిడి. కుర్రాడి ముఖం వాడిపోయింది. మూడోసారి విప్పబోతుంటే బెంచీ మీంచి గొంతు లేచింది.

"రేపు ఆ గుంటడు పందెంలో నీ స్టాండెక్కి తొక్కుతాడేటి?"

"మరేటి సెయ్యమంతావు మావా?"

"సక్రం కుడి ఎడమలు మార్సి బిగించు. సూడు."

తిరగేసి బిగించాను. దోషం చక్రానిదైతే ఇప్పుడు కుడి రబ్బరుకి రాసుకోవాలి. మళ్లీ ఎడమకే రాసుకుంది. అంటే చక్రం బాగానే ఉంది. దాన్ని పట్టుకునే ఫోర్కు కాలొకటి వంగింది. రెండు రోజులుగా నేను జబ్బు లేనివాణ్ని లోపల పడుకోబెట్టి, జబ్బున్నవాణ్ని బయట నిలబెట్టాను.

అడ్డొస్తోందని ఏప్రన్ విప్పేశాను. పాత ఇనప గొట్టం ముక్క ఫోర్కు కాలికి తొడిగి కొద్దికొద్దిగా లాగాను. లాగడం, చక్రం పెట్టడం, తిప్పడం, వినడం. నాలుగోసారికి శబ్దం ఆగింది. తిరగేసి పెట్టినా శబ్దం లేదు. మావయ్య కళ్లు మూసుకుని విన్నాడు.

"ఇప్పుడు పంపు."

ఆదివారం కుర్రాడు చెమటతో తడిసి వచ్చాడు.

"ఎన్నోవాడివిరా?"

"పదకొండు."

"ఎంతమందిలో?"

"అది అడగకన్నా. మొత్తం తొక్కిన, చప్పుడే రాలేదు."

మావయ్య వాడికి టీ చెప్పాడు. ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పిన పాపాన పోలేదు.

స్టాండు ఇప్పటికీ ఉంది. కొత్తగా వచ్చిన తెలుగురాని స్టూడెంట్లు "దాదా, మీ దగ్గర మెషిన్ లేదా?" అని అడుగుతారు. "ఉంది బాబూ, దాని మీద నా గమ్చా తువ్వాలు ఆరుతోంది" అంటాను. జేబులోంచి సుద్దముక్క తీస్తాను.