ఫొటోలో పడని అత్తయ్య

"తినీసేవా?"

"తినీసేనత్తా."

మా అత్తయ్యా నేనూ ఆఖరుసారి అనుకున్న మాటలు ఇవే. ఆ మర్నాడే ఆవిడ పోయింది. నా చిన్నప్పుడు కూడా ఆవిడ నాతో అంతకంటే పెద్దగా ఏమీ మాట్లాడేది కాదు. అందుకే అప్పట్లో ఆవిడంటే భయం ఉండేదే గానీ, నా మనిషి అనిపించేది కాదు. అది మారిన రోజు గురించి చెబుతాను, నువ్వు రాసిపెట్టు తల్లీ.

మాది విశాఖపట్నం జాలరిపేట. మా అమ్మ పోయాక మా అయ్య నన్ను తన అక్క ఇంట్లో దింపి, ఒరిస్సాలో పారాదీప్ వైపు వేటకి పోయాడు. సీజను అయ్యాక వస్తానన్నాడు. సీజన్లు అయిపోయాయి గానీ ఆయన రాలేదు. అత్తయ్యకి పిల్లల్లేరు. తెల్లారేసరికే చేపల తట్ట నెత్తిన పెట్టుకుని టౌనులోకి పోయేది. తిరిగొస్తే వంట, వలల చిరుగులు, ఉప్పుచేపలు ఎండబెట్టడం. ఆవిడ ఊరికే కూర్చోవడం నేను చూడలేదు. నా తల దువ్వినా, చేతులు అప్పటికే ఇంకో పనికి పోతున్నట్టు దువ్వేది. నేను ఒడ్డున కూర్చుని వచ్చే పడవల్ని చూసుకునేదాన్ని. పేట నిండా జనమే. అయినా నాకు మాత్రం ఎవరూ లేనట్టే ఉండేది.

మా మావయ్య పోర్టులో ఓడలకి రంగులు వేసేవాడు. ఓసారి ఒక పరదేశీ ఓడ మనిషి దగ్గర పాత కెమెరా తెచ్చుకున్నాడు. దానికో జబ్బు ఉంది. మీట నొక్కితే టక్కున తెరుచుకుని మూసుకోవాల్సిన కన్ను, వేలు తీసేదాకా తెరుచుకునే ఉండేది. పగలు తీస్తే ఫొటో అంతా తెల్లగా పోయేది. ఇంకొకరైతే విసిరేసేవారు. ఆయన మాత్రం, పొద్దు వాలాక తీస్తే ఆ జబ్బే పనికొస్తుందని కనిపెట్టాడు. వెలుగు తక్కువ గనక ఎక్కువసేపు తెరిచి ఉంచొచ్చన్నమాట. ఇసక నింపిన గోనెసంచి మీద కెమెరాని కదలకుండా పెట్టి, సముద్రాన్ని తీయడం మొదలుపెట్టాడు.

పేటలో మగాళ్లకి అదో వేడుక.

"ఏటి బావా, సేపలకి ఫొటోలు తీసి సంబందాలు సూత్తన్నావేటి?" అనేవారు.

"ముందు నీ మొకం తీత్తాన్రా, దిష్టికి పనికొత్తది" అనేవాడు ఆయన.

చేతికి గడియారం లేదు. ఎంతసేపు తెరిచి ఉంచాలో తెలియడానికి నన్ను పక్కన కూర్చోబెట్టి, ఒడ్డు మీంచి పెద్ద వల లాగేటప్పుడు పాడే పాట పాడమన్నాడు. పాట అయ్యేదాకా మీట మీద వేలు తీయడు. తీరా టౌనులో స్టూడియోకి ఇచ్చి కడిగిస్తే అన్నీ చీకటి ముద్దలే. మళ్లీ తీశాడు. మళ్లీ చీకటే. ఎందుకో ఆయనకి ఆలస్యంగా తట్టింది. మా వాళ్లెవరు పాడినా, వల ఒడ్డుకి దగ్గరయ్యేకొద్దీ పాట జోరందుకుంటుంది. అలాగే వినడం అలవాటు గనక, నేనూ చివరికొచ్చేసరికి పాటని పరుగు పెట్టించేస్తున్నాను. దాంతో వెలుగు చాలకముందే కెమెరా కన్ను మూసుకుపోతోంది.

"ఇక్కడ వల రాటం నేదే గుంటా, ఎందుకా తొందర?" అన్నాడు.

పాట నెమ్మదించాక ఫొటోలు వచ్చాయి. అలలన్నీ పొగలా పరుచుకున్నాయి. బండలు మాత్రం బండల్లాగే నిలబడ్డాయి.

అవి చూశాక నాకో ఆశ పుట్టింది. నా ఫొటో తీయించి, పారాదీప్ పోయే పడవ మీద పంపిస్తే, మా అయ్య చూసి వచ్చి నన్ను తీసుకుపోతాడు. ఆ మాట మావయ్యతో చెప్పాను. ఆయన "రేపు కూకో" అన్నాడు.

మర్నాడు సాయంత్రం బోర్లించిన తెప్ప మీద, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాను. ఈసారి పాట ఆయనే నిదానంగా పాడాడు. నాకు రెప్ప వేయడానికి కూడా భయమే. వెనకాల అడుగుల చప్పుడు, కుక్క మొరగడం, ఎవరో దాన్ని అదిలించడం వినబడ్డాయి. తల తిప్పలేదు. తిప్పితే అయ్య రాడు.

ఫొటో వచ్చింది. ముఖం కాస్త చెదిరినా నేనేనని తెలుస్తోంది. కానీ నా వెనకాల ఒక్క మనిషి కూడా లేడు. సాయంత్రప్పూట మా ఒడ్డు ఖాళీగా ఉండడమేమిటి? చేపలు దించేవాళ్లు లేరు, తట్టలు మోసే ఆడవాళ్లు లేరు, పిల్లలు లేరు. పొగలాంటి నీళ్లు, వాటి ముందు నేను. నా లోపల ఎలా ఉండేదో అది ఎవరో చూసేసి కాగితం మీద దింపినట్టు అనిపించింది. ఏడుపొచ్చింది. దాని వెనకే ఇంకో ఆలోచనా వచ్చింది. ఇది చూస్తే మా అయ్య ఆగలేడు.

"అందరూ ఏటయిపోనారు మావయ్యా?" అని అడిగాను.

"ఉన్నారే. కదిలినోలు ఇందులో పడరు. నువ్వు కదల్నేదు గనక పడ్డావు." ఫొటోలో నా వెనక వేలు పెట్టి, "మీ అత్త నీ ఎనకాలే ఉంది, తెలుసా? పాట ఎత్తుకున్న కాడ్నుంచి అయ్యేదాకా. కుక్కని తోలింది, అడ్డమొచ్చిన పిల్లల్ని తోలింది, అటూ ఇటూ తిరుగుతానే ఉంది. ఓ దగ్గిర నిలబడుంటే పడును" అన్నాడు.

ఫొటో పట్టుకుని ఇంట్లోకి పోయాను. అత్తయ్య పొయ్యి దగ్గర ఉంది. నేను అలాగే నిలబడి చూస్తూ ఉంటే, "ఏటలగ సూత్తన్నావ్, నాకేటి కొమ్ములొచ్చేయా? సింతపండు అందుకో" అంది. అందించి, ఫొటో చూపించాను. తడి చెయ్యి చీరకి తుడుచుకుని ఒక్కసారి చూసింది. "బాగున్నావు. పంపీ మీ అయ్యకి" అని, మొహం పొయ్యి వైపు తిప్పేసుకుంది.

పారాదీప్ పోయే పడవతను బయల్దేరేముందు ఫొటో అతని చేతిలో పెట్టాను. వచ్చి నన్ను తీసుకుపొమ్మను అని చెప్పాలి. ఎన్నాళ్లుగానో వల్లించుకున్న మాట. అది నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"నా ఎనకాల మా అత్తుందని సెప్పు. తిరుగుతంది, అందుకే పడనేదని సెప్పు" అన్నాను.

అతను ఫొటోని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పడని మనిసిని మీ అయ్యకి ఎలగ సూపించనే?" అని నవ్వాడు.

"సూపించక్కర్నేదు, సెప్పు" అన్నాను.

మా అయ్య రాలేదు. ఆ ఫొటో కూడా తిరిగి రాలేదు. పెళ్లయి వెళ్లేదాకా నేను అత్తయ్య ఇంట్లోనే పెరిగాను. అదే నా ఇల్లు.

మీ తాతయ్య పోయిన దగ్గర్నుంచీ ఈ ఆటోనగర్ ఇంట్లో నాకు సాయంత్రాలు గడవడం లేదు. అరుగు మీద కూర్చుంటాను. ఎదురుగా షెడ్లు, లారీలు. ఎవరూ లేరు అనిపిస్తుంది. మీ తాతయ్య లేడు, అది నిజమే. ఉన్నాడని నన్ను నేను మభ్యపెట్టుకోవడం నాకు చేతకాదు. కానీ ఎవరూ లేరు అనే మాట మనసులోకి వచ్చినప్పుడల్లా, దాన్ని నమ్మేముందు కాసేపు చెవిపెట్టి వింటాను. కూర్చున్నవాళ్లే కళ్లకి ఆనుతారు. మన కోసం తిరిగేవాళ్లు ఆనరు. ఆ రోజు నుంచి నాతో ఉండిపోయింది ఇదొక్కటే.

రాశావా? పేరు గీయడం తప్ప నాకు అక్షరం రాదు. ఏదీ, ఓసారి చదివి వినిపించు తల్లీ. గట్టిగా చదువు. వంటింట్లో తిరుగుతున్న మీ అమ్మకీ వినబడాలి.