నాయన కొత్త గొంతు

పొద్దున్నే మా నాయన గొంతు శుభ్రం చేయడం నా పని. క్యాన్సర్ వచ్చి స్వరపేటిక తీసేశాక డాక్టర్లు ఆయన మెడ ముందు ఒక రంధ్రం పెట్టి, లోపల గోరంత వాల్వ్ అమర్చారు. రంధ్రాన్ని బొటనవేలితో మూస్తే ఊపిరి ఆ వాల్వ్ గుండా నోట్లోకి వెళ్లి మాటవుతుంది. జిగట పేరుకుందా, మాట పెగలదు.

పంచలో కుర్చీ వేసి కూర్చోబెడతాను. చేతులు సబ్బుతో కడుక్కుని, తల దగ్గర టార్చి వెలిగించి, సన్నటి బ్రష్ వాల్వ్‌లోకి పెట్టి మెల్లగా తిప్పి తీస్తాను. అప్పటికి రాచర్ల కొండల మీద మంచు వీడదు, నాకు నిద్రమత్తూ వీడదు. రంధ్రం లోపలి ఆ ఎర్రటి వెలుగులోకి చూస్తూ చూస్తూ ఎక్కడున్నానో మరిచిపోతాను. ఆయన ఊపిరి వెచ్చగా నా మణికట్టుకు తగులుతుంది. చిన్నప్పుడు ఆయన పక్కన పడుకుంటే నా నెత్తికి తగిలిన ఊపిరి అదే.

ఒకరోజు నేను లేచేసరికే ఆయన అద్దం ముందు కూర్చుని, కాళ్లలో ముళ్లు తీసుకునే శ్రావణంతో వాల్వ్‌ను గెలుకుతున్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏంది నాయనా ఇది! అదేమన్నా తుమ్మముల్లా? ఊడి ఊపిరితిత్తుల్లో పడితే నేనేం చేసేది?" అని శ్రావణం లాక్కున్నాను. మొండిమనిషి, ఎవరి మాట వింటాడు గనక!

ఆయన రంధ్రం మూసుకుని బొంగురుగా అన్నాడు. "గట్టిగా రావాలమ్మా. ఈ పొద్దు గొర్రెల్ని పిలుస్తా. తిరక్కపోతే మందను అమ్మేద్దాం."

నా కోపం చప్పున దిగిపోయింది. ఆపరేషన్ అయినప్పటినుంచి మందను మా అమ్మ మేపుకొస్తోంది, నాయన ఇంటి దగ్గర దొడ్లో గొర్రెపిల్లలతో మాట్లాడుకుంటూ ఉంటున్నాడు. గొర్రెలు లేని ఇంట్లో నాయన బతికున్నా ఉన్నట్టు కాదు. భయంతోనే బ్రష్ తీసుకుని, ఎప్పటికంటే నిదానంగా శుభ్రం చేశాను.

కోసిన కందిచేలో మంద మంచులో మునిగి, ఉందో లేదో అన్నట్టుంది. నాయన గట్టు మీద నిలబడి మెడ మీద వేలు ఉంచాడు.

"దా... దా..."

ఆ గొంతు మంచులో ఎటో తేలిపోయింది. పెద్ద గొర్రెలు తల ఎత్తలేదు. మళ్లీ పిలిచాడు. ఒక ముసలి గొర్రె ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు చూసి, మళ్లీ మేతకు దిగింది. నాయన ముఖం చూడలేక నేను తల తిప్పుకున్నాను. ఆయన మూడోసారి పిలిచాడు.

అప్పుడు గొర్రెపిల్లలు వచ్చాయి. ఒకటి, దాని వెనక నాలుగు, ఆ తర్వాత ఎన్నో గంతులేస్తూ వచ్చి ఆయన కాళ్లకు చుట్టుకున్నాయి. వాటి కోసం అరుస్తూ తల్లులూ కదిలాయి. నాయన వంగి ఒకదాన్ని ఎత్తుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

అవన్నీ ఆపరేషన్ తర్వాత పుట్టిన పిల్లలు. నాయనకు ఇంకో గొంతు ఉండేదని వాటికి తెలియదు.