ఐదు దెబ్బల గంట రద్దు

1968లో గోదావరిఖని దగ్గర ఒక గనిలో, దీపాల గది గుమస్తా యిర్మియా ఒక్క ప్రశ్న అడిగి నాలుగు వందల ప్రాణాలు కాపాడాడు. సరే, నాలుగు వందలన్నది కొంచెం ఎక్కువే. పదకొండు. అందులో ఒకడు ఆ రోజు నాగా పెట్టాడంటారు, పదే అనుకోండి.

షిఫ్టు ముగిసినవాళ్లు టబ్బుల్లో, అంటే బొగ్గు మోసే చిన్న పట్టాల బండ్లలో, కూర్చుని తీగ లాగితే పైన ఇంజన్ గదిలో గంట మోగేది. ఐదు దెబ్బలు వినబడితే డ్రైవర్ రాజం టబ్బులకు కట్టిన తాడును మెల్లగా లాగేవాడు. గని తెరిచినప్పటి నుంచీ అదే అలవాటు. ఆఫీసు దాన్ని మార్చింది. పై నెల మొదటి సోమవారం నుంచి మనుషులకు ఏడు దెబ్బలు. ఐదును ఊరికే పోనివ్వడం ఇష్టంలేక దాన్ని బొగ్గుకు ఇచ్చారు. బొగ్గంటే ఇంజన్ పూర్తి వేగం.

ఈ సంగతి ఆఫీసు వరండాలో ఇంగ్లీషులో అంటించారు. పాత సంకేతం వాడరాదని మొదటి పేజీ. బదులు ఏది వాడాలో రెండో పేజీ. రెండో పేజీ మేనేజరు సొరుగులో ఉంది; దాని నకళ్లు ఇంజన్ గదికీ దీపాల గదికీ తప్ప ఎక్కడికీ పోలేదు. ఎవరూ చదవడంలేదని గని మొగదల ఎర్రటి పుర్రె బొమ్మతో బోర్డు పాతారు. మూడో రోజుకల్లా జనం దానికి పసుపు పూసి, బొట్లు పెట్టి, నిమ్మకాయల దండ వేశారు. అక్షరం కనబడితే ఒట్టు. మేనేజరు ఇంకా పెద్ద బోర్డు పెట్టించాడు. దానికి కోడిని కోశారు.

యిర్మియాకు అన్నం సయించలేదు. తన కిటికీ దగ్గర రోజూ దీపాలు తీసుకునే ఆ పదకొండు మందికి గంట కొట్టేది పోశం. పోశం చెయ్యికి ఐదు తప్ప మరో లెక్క తెలియదు.

ఆ సోమవారానికి ముందటి బుధవారం పొద్దున పోశం తన నంబరు బిళ్ల ఇచ్చి దీపానికి చెయ్యి చాచాడు. దీపం రాలేదు.

"కాక, సోమారం మనుషులెక్కితే ఎన్ని కొడ్తవ్?"

"ఐదు. నీకెందుకయ్యా?"

"పక్కకు జరుగు. నర్సింగం, నువ్వు రా."

"దీపం లేక చీకట్ల దిగాల్నా? బోర్డుకు మొక్కే వచ్చిన!"

"ఆ బోర్డు ఏమంటున్నదో ఎరుకేనా? ఐదు బంద్, ఏడు కొట్టాలె. ఐదు కొడితే రాజం మిమ్ముల బొగ్గనుకొని గుంజుతడు. టబ్బొక దిక్కు, నీ తలకాయొక దిక్కు."

"గిట్ల సక్కగ చెప్పరాదా? గా పుర్రె దేనికి?"

"ఏడు అను."

"ఏడు! ఇయ్యిగ దీపం!"

శనివారం దాకా రోజూ అదే తంతు. పోశం రోజూ ఐదనేవాడు, పక్కకు జరిగేవాడు, వరస నవ్వేది.

సోమవారం షిఫ్టు ముగిసే వేళకు యిర్మియా ఇంజన్ గదిలో నిలబడ్డాడు. గంట మోగింది. ఐదు దెబ్బలు. ఆగింది. రాజం చెయ్యి పిడి మీదికి పోయింది. యిర్మియా ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇడువన్నా! ఐదంటె బొగ్గే. కాయిదం జూడు."

"ఒక్క ఊపిరి ఆగు, రాజం."

ఆరు. ఏడు.

కింద జరిగింది ఇదట. పోశం ఐదు కొట్టి చెయ్యి దించుతుంటే వెనక నుంచి నర్సింగం, "పక్కకు జరుగు, కాక" అన్నాడు. పోశం యిర్మియాను తిట్టుకుంటూ మరో రెండు లాగాడు.

బోర్డు బాగా పనిచేసిందని మేనేజరు పై అధికారులకు రాసి, మూడో బోర్డుకు అనుమతి తెచ్చుకున్నాడు.

పదేళ్ల తరవాత నేను విన్న ఇదంతా చెబితే యిర్మియా కళ్లద్దాలు తుడుచుకుంటూ విన్నాడు.

"అంత ఉత్తదే. నేనెవ్వరిని ఏమడగలె. డ్రైవర్ చెయ్యి పట్టుకుంటె నా నౌకరి ఉంటుండెనా? బిళ్ల తీసుకున్న, దీపమిచ్చిన. గంతే."