మొన లేని గాలం

నా చిన్నప్పుడు, పదేళ్ళు కూడా నిండని రోజుల్లో, మా తాతయ్య పడవకు తెడ్లు వేసేదాన్ని నేనే. ఆడపిల్లకు ఇదేం పని అని అమ్మమ్మ సణిగేది. నిజానికి ఆవిడ కోపం నా మీద కాదు. ఇంట్లో ఉన్న ఒక్క ఇత్తడి గరిటెకు తాతయ్య కాడ విరగ్గొట్టి, మిగిలిన గుంటను కాస్త వంచి, తన గాలానికి కట్టేసుకున్నాడు. ఆ తర్వాత నెల రోజులు మా ఇంట్లో పప్పు గ్లాసుతోనే వడ్డించారు. "మీ తాత చేపలకు వడ్డిస్తున్నాడులే, మనకెందుకు గరిటె" అనేది అమ్మమ్మ.

మాది మిరప, పత్తి పండే ఊరు. పొలాలు ఆగిపోయిన చోట పెద్ద చెరువు మొదలవుతుంది. పేరుకే చెరువు, ఎండ బాగా కాసిన రోజున కూడా అవతలి గట్టు సన్నటి గీతలాగానే కనిపించేది. తాతయ్యకు రెండెకరాల మిరప తోట ఉన్నా మనసంతా ఆ నీళ్ళలో తిరిగే వాలుగ చేపల మీదే. వల వేసి పట్టేవాళ్ళంటే ఆయనకు చిన్నచూపు. పడవ వెనక పొడుగాటి నైలాన్ తాడు వదిలి, దాని చివర ఇత్తడి ముక్క, గాలం, కాస్త ముందు సీసపు గుండు కట్టి, మెల్లగా లాక్కుంటూ పోవడమే ఆయన పద్ధతి. ఇత్తడి ముక్క నీళ్ళలో అటూ ఇటూ ఊగుతుంటే, దెబ్బతిన్న చిన్న చేప అనుకుని వాలుగ వచ్చి నోట కరుచుకునేది.

ఆయన పడవ వెనక కొసన తాడు పట్టుకుని కూర్చునేవాడు. నేను ఆయనకు ఎదురుగా కూర్చుని తెడ్లు వేసేదాన్ని. మొదటి వేసవి అంతా నాకు తిట్లే. తొందరపడితే ఇత్తడి ముక్క గిరగిరా తిరిగి తాడు మెలిపడుతుంది. ఆగి ఆగి వేస్తే గాలం అడుక్కు దిగి నాచు పట్టుకుంటుంది. పడవ తిప్పేటప్పుడు పెద్ద చుట్టు తిరగాలి, లేకపోతే తాడు పడవ కిందికి వచ్చేస్తుంది. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే గాలికి ఎదురు వెళ్ళాలి, అలిసిపోయాక ఆ గాలే ఇంటికి తెస్తుంది. తాడు ఎప్పుడూ చేతికి చుట్టుకోకూడదు, చూపుడు వేలి మీద ఆనించుకోవాలి. ఆ వేలితోనే ఆయన చెరువు అడుగంతా చూసేవాడు. నాచు అయితే ఊరికే బరువుగా వస్తుందట, రాయి అయితే పట్టుకుని వదలదట, చేప అయితే తల విదిలిస్తుందట. రెండో ఏడాదికి నా తెడ్డు కుదుటపడింది. "నీళ్ళకు తెలియకుండా వేస్తున్నావే" అని ఒకసారి అన్నాడు. అంతకు మించిన మెప్పు ఆయన నోట నేను వినలేదు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. పదిహేడేళ్ళు ఉంటాయేమో. తండ్రి లేడు, తల్లీ కూతుళ్ళిద్దరూ కూలికి వెళ్ళేవాళ్ళు. ఆదివారం పూట గడప మీద కూర్చోబెట్టి నాకు రెండు జడలు వేసేది. మా అమ్మ వేసిన జడ మధ్యాహ్నానికే ఊడిపోయేది, అక్క వేస్తే మూడు రోజులైనా చెక్కుచెదిరేది కాదు. నా అంత పొడుగున్న వాలుగను భుజాన వేసుకుని నేను వీధిలో వస్తుంటే, "నువ్వు చేపను పట్టావా, చేప నిన్ను పట్టిందా?" అని నవ్వేది.

ఆ ఏడు పత్తి తీతలప్పుడు అవతలి గట్టు పొలాలకు కూలీలను పుట్టిలో దాటించేవాళ్ళు. వెదురుతో గుండ్రంగా అల్లిన బుట్టలాంటి పడవ అది. ఒక మంగళవారం పొద్దున ఇవతలి గట్టు నుంచి కాస్త దూరం పోగానే గాలి లేచి పుట్టి తిరగబడింది. అందులో ఆరుగురు. అయిదుగురిని చేపలు పట్టేవాళ్ళు అందుకుని గట్టుకు చేర్చారు. అక్క దొరకలేదు.

మగవాళ్ళు మధ్యాహ్నం దాకా మునిగి వెతికారు. అడుగున నాచు, నీళ్ళు చల్లన, ఎవరికీ ఊపిరి నిలవలేదు. మూడో రోజుకు తనే తేలుతుందని ఒకాయన అన్నాడు. అక్క వాళ్ళమ్మ ఆ మాట విని నేల మీద పడి దొర్లింది. ఇంకొకాయన బావిలో పడిన బకెట్లు తీసే పాతాళభేది పట్టుకొచ్చాడు. దాని చుట్టూ ఉన్న కొక్కేలు చూడగానే ఆవిడ లేచి అడ్డం నిలబడింది.

"నా బిడ్డకు కొక్కేలు గుచ్చుతారా? వద్దయ్యా. దాని ఒంటి మీద గాటు పడితే నేను చూడలేను. వద్దు."

కూతురు కావాలి, ఇవాళే కావాలి. కానీ అలా వద్దు. తాతయ్య ఇంటికి వెళ్ళి తన గాలాల్లో పెద్దవి మూడు, కొడవళ్ళు నూరే ఆకురాయి తెచ్చాడు. గట్టు మీదే గొంతుక్కూర్చుని వాటి మొనలు అరగదీయడం మొదలుపెట్టాడు. కూడిన జనం విసుక్కున్నారు. "మొండిదాంతో ఏం తగులుతుంది పెద్దయ్యా? తగిలినా జారిపోతుంది గందా!" అన్నాడొకడు. తాతయ్య తల ఎత్తలేదు. మూడూ అయ్యాక ఒక్కొక్కదాన్నీ తన అరచేతిలో గట్టిగా నొక్కి లాగి చూసుకున్నాడు. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ అరచేతిలో కూడా అలాగే లాగాడు.

"గుచ్చుకుందా అమ్మా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నెమ్మదిగా తెస్తాను" అన్నాడు.

తెడ్లు వేయడానికి బలమైన కుర్రాళ్ళు నలుగురు ముందుకొచ్చారు. ఆయన నా వైపు చూశాడు. మా అమ్మ వద్దని ఏడ్చింది. "పదునున్న గాలమైతే ఎవడు లాగినా సరిపోద్ది. దీనికి పిల్ల తెడ్డే కావాలి" అన్నాడు తాతయ్య. పడవ ఎక్కాక, "ఇవాళ నాకు ఎదురుగా వద్దు, అటు తిరిగి కూర్చో. ఏం జరిగినా వెనక్కి చూడకు" అన్నాడు. నేను ముందుకు తిరిగి కూర్చుని తెడ్లు తోశాను.

ఎన్ని చుట్లు తిరిగామో గుర్తులేదు. గాలికి ఎదురు వెళ్ళడం, పెద్ద మలుపు తిరగడం, గాలితో గట్టు వైపు రావడం. వచ్చిన ప్రతిసారీ అక్క వాళ్ళమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి కనిపించేది. పొద్దు వాలుతుండగా తాతయ్య ఊపిరి ఒక్కసారి ఆగింది. నాచు కాదు, రాయి కాదు, నాకు చెప్పకపోయినా తెలిసింది. సరిగ్గా అప్పుడే గట్టు మీద నుంచి ఎవరో "తగిలిందిరోయ్, లాగండి, లాగండి!" అని అరిచారు. ఆ అరుపుకు నా చేతులు అదిరి తెడ్డు బలంగా పడింది. పడవ ముందుకు దూకింది. వెనకాల తాడు వదులైన చప్పుడు నీళ్ళ మీద వినిపించింది.

గాలం జారిపోయింది. నా వల్లే జారిపోయింది. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. అన్నాళ్ళూ తాడు మెలిపడితేనే మండిపడిన మనిషి ఆ రోజు తిట్టలేదు. "ఏం కాదమ్మా. అక్క అక్కడే ఉంది. పెద్ద చుట్టు తిప్పుకుని రా" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినని గొంతు.

తిప్పుకుని వచ్చాను. ఈసారి అరుపులేవీ వినలేదు. నీళ్ళలో నిలబడ్డ ఆవిడ ముఖం ఒక్కటే చూస్తూ, నీళ్ళకు తెలియకుండా తెడ్లు వేశాను. తాడు మళ్ళీ బరువెక్కింది. వెనక నీళ్ళు కదిలిన చప్పుడు, తాతయ్య తన పంచె విప్పి కప్పిన చప్పుడు విన్నాను. తిరిగి చూడలేదు. అక్కను చూడకుండా నన్ను కాపాడాలనుకున్నాడు ఆయన. కానీ దారి పొడుగునా వాళ్ళమ్మ ముఖం చూస్తూ వచ్చింది నేనే. అది ఆయనకు తట్టి ఉండదు.

గాలం అక్క ఓణీ మడతలో పట్టుకుందట. వాళ్ళమ్మ కూతుర్ని ఒళ్ళో వేసుకుని చేతులు, మెడ, ముఖం అంతా తడిమి తడిమి చూసుకుంది. "ఒక్క గాటు పెట్టలేదయ్యా" అంటూ తాతయ్య కాళ్ళు పట్టుకుంది. తడి డ్రాయరుతో నిలబడ్డ ఆ ముసలాయన అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ రాత్రి అమ్మ నా జడలు విప్పబోతే విప్పనివ్వలేదు. ఆదివారం అక్క వేసిన జడలవి. చిక్కులు కట్టేదాకా, అమ్మ కొట్టేదాకా అలాగే ఉంచుకున్నాను. తాతయ్య ఆ తర్వాత వాలుగలకు వెళ్ళలేదు. ఆ మూడు గాలాలకు మళ్ళీ పదును పెట్టలేదు, పారెయ్యనూ లేదు.

వాటిలో ఒకటి ఇప్పుడు చిలకలూరిపేటలో, నా బీరువా సొరుగులో ఉంది. మొన్న మా మనవడు దాన్ని బయటికి తీశాడు. వాడు ఫోనులో చేపలు పట్టే వీడియోలు తెగ చూస్తాడు. "అమ్మమ్మా, దీనికి మొనే లేదు, దీంతో ఏం పడుతుంది?" అన్నాడు. వాడి అరచేయి తెరిచి గాలాన్ని నొక్కి లాగాను. "గుచ్చుకుందా?" అంటే లేదన్నాడు. మిగతాది వాడు పెద్దయ్యాక చెబుదామని గాలాన్ని మళ్ళీ సొరుగులో పెట్టేశాను.

అరవై దాటిన దాన్ని. ఎవరికైనా కష్టమైన కబురు చెప్పాల్సి వస్తే, ఆ మాటను ముందు నా మీదే నొక్కి చూసుకుంటాను. అప్పటికీ కొన్నిసార్లు నా చేతులు అదిరి తొందరపడతాను, చేతికి అందింది జారిపోతుంది. అప్పుడు ఆ గొంతు వినిపిస్తుంది, ఏం కాదమ్మా, పెద్ద చుట్టు తిప్పుకుని రా అని. కళ్ళు తుడుచుకుని మళ్ళీ తెడ్డు అందుకుంటాను.