మిరపకాయ లేని పొడి

బెంగళూరులో నాతో చదివిన పాలస్తీనా అమ్మాయి రీమా రేపు హిందూపురం వస్తోంది. ఇంటి రుచి తగిలి రెండేళ్లయిందంటే, వాళ్లు రొట్టెకు అద్దుకుని తినే జాతార్ పొడి నేనే చేస్తానన్నాను. వాము వాసన వచ్చే ఎండిన థైమ్ ఆకు నలిపి, వేయించిన నువ్వులు, ఉప్పు కలిపాను. పులుపుకు వాళ్లు వేసే సుమాక్ ఇక్కడ దొరకలేదు, ఎండు చింతచిగురు వేశాను. స్నానం చేసి వచ్చేసరికి మా అవ్వ అందులో ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి దంచేసింది.

"ఏం పని చేసినావవ్వా!"

"మిరపకాయ లేకుండా పొడి యాడన్నా ఉంటాదా పాపా? నువ్వు మర్చిపోయినావని నేనే ఏసినా."

ఒక్క మిరపగింజ కూడా పడనివ్వనని మళ్లీ మొదలుపెట్టాను. అయ్యేదాకా గిన్నె పక్క నుంచి లేవలేదు. అవ్వ చిటికెడు నోట్లో వేసుకుని, "కారమే లేదు, పాపం ఆ పిల్ల ఎట్ల తింటాదో" అంటూ తన పొడి కూడా సీసాకెత్తింది.

రేపు రెండూ పెడతాను. ఏ సీసా ముందు ఖాళీ అవుతుందంటారు?