రెండు రవికెలు

వనపర్తి బస్టాండులో నా పక్కన కూర్చున్నామె, మండుటెండలో ఒకదాని మీద ఒకటి రెండు రవికెలు తొడుక్కుంది.

"ఏందమ్మా, గింత ఎండల?" అని అడిగాను.

"మేస్త్రి రెక్క పట్టి చూస్తడక్కా. బక్కగుంటే బెంగుళూరు పనికి తీస్కపోడు. ఇంట్ల బియ్యం అయిపోయినయ్."

అంతలో ఆ మేస్త్రి వచ్చి, సంతలో ఎద్దును చూసినట్టు ఆమె రెక్క పిసికాడు. పై రవికె చెయ్యి జరిగి లోపలి రవికె బయటపడింది.

"అన్ని బొక్కలే, కండ లేదు!" అంటూ ఆమెను పక్కకు నెట్టి, బొద్దుగా ఉన్న నన్ను చూపించాడు. "గీ అక్కను పంపున్రి, తీస్కపోత."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, సంచి తీసుకుని వెళ్లిపోయింది.

ఆకలి తెలియకుండా పెంచినందుకు దేవుడికి అన్నం ముందు రోజూ దండం పెట్టుకుంటాను. ఆనాడు వాళ్లతో పాటు నేనూ నవ్వాను. అది గుర్తొస్తే చేతిలోని ముద్ద మీదే రోత పుడుతుంది.